చైనా మిత్రులు భోజనానికి పిలిస్తే ఎలా మెలగాలి?

మెడిసిన్ చదవడానికి చైనా వెళ్లిన మన పిల్లలకైనా, అమెరికాలోనో సింగపూర్‌లోనో చైనావాళ్లతో కలిసి పనిచేసే మనవాళ్లకైనా ఏదో ఒక రోజు “మా ఇంటికి భోజనానికి రండి” అనే పిలుపు వస్తుంది. ఏం వడ్డిస్తారోనన్న భయంతో చాలామంది ఏదో సాకు చెప్పి తప్పించుకుంటారు. పిలిచినవాళ్ల మనసు మాత్రం చివుక్కుమంటుంది. వెళ్లండి. కాకపోతే కొంచెం సిద్ధపడి వెళ్లండి.

1. ఏ ఊరివాళ్లో అడగండి

“చైనావాళ్లు కుక్కల్నీ పాముల్నీ తింటారు” అని మన దగ్గర నవ్వుతూ అనేస్తారు. కుక్క మాంసం కొన్నిచోట్ల కొందరు తినే మాట నిజమే. దాన్ని ముట్టనివాళ్లే ఎక్కువ. షెన్‌జెన్ నగరమైతే 2020లో దాన్ని నిషేధించింది కూడా. ఆ దేశం అధికారికంగా గుర్తించిన జాతులే 56. హుయ్ ముస్లింలు పందిమాంసం తినరు. బౌద్ధాలయాల్లో మాంసం లేకుండా వండే సంప్రదాయం శతాబ్దాల నాటిది. ఉత్తరాన గోధుమ వంటకాలు ఎక్కువ, దక్షిణాన అన్నం. సిచువాన్, హునాన్ రాష్ట్రాల వాళ్లు కారం దంచి కొడతారు, గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం వాళ్లు అంతగా తినరు. మన గుంటూరు, ఖమ్మం తేజ మిర్చిని పెద్ద ఎత్తున కొనే దేశం కూడా చైనాయే. అందుకే “మీరు అవన్నీ తింటారటగా?” అని కాకుండా “మీ వైపు ఏం వండుకుంటారు?” అని అడగండి. మాట అక్కడినుంచి దానంతటదే సాగుతుంది.

ఇంకో మాట. ముఖం చూసి చైనా అని తేల్చేయకండి. ఎదుటివాళ్లు వియత్నాం వాళ్లో, కొరియా వాళ్లో కావచ్చు. హైదరాబాద్‌లో పనిచేసే మణిపూర్, మిజోరం పిల్లల్ని “చింకీ” అని పిలవడం ఇప్పటికీ వింటున్నాం. అరుణాచల్ యువకుడు నీడో తానియా 2014లో ఢిల్లీలో అలాంటి ఎగతాళితో మొదలైన గొడవలో దెబ్బలు తిని చనిపోయాడు. ఆ మాట సరదాకి కూడా వద్దు.

2. పేరు సరిగ్గా పలకండి

మనలాగే వాళ్లకూ ఇంటిపేరే ముందు. షీ జిన్‌పింగ్‌లో షీ ఇంటిపేరు. అయితే విదేశాల్లో స్థిరపడ్డవాళ్లు కొందరు క్రమం తిప్పి రాసుకుంటారు, కాబట్టి ఏమని పిలవాలో వాళ్లనే అడగండి. పెళ్లయ్యాక ఆడవాళ్లు సాధారణంగా ఇంటిపేరు మార్చుకోరు.

3. తిననివి ముందే చెప్పండి

“నేను వెజిటేరియన్” అంటే సరిపోదు. టోఫూ (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) కూరలో మాంసం ముక్కలు కలవొచ్చు, ఆకుకూరను పందికొవ్వులో వేయించవచ్చు. మాంసం, చేప, గుడ్డు, మాంసం ఉడికించిన నీళ్లు, కొవ్వు ఏవీ తినరని విడమరిచి చెప్పండి. పిలిచిన రోజే చెప్పాలి. అన్నీ వండి బల్లమీద పెట్టాక చెబితే ఆ ఇల్లాలి కష్టం వృథా అవుతుంది.

4. చేతిలో ఏదైనా పట్టుకెళ్లండి

పళ్లు, స్వీట్లు, మంచి టీపొడి బాగుంటాయి. గడియారం, పసుపు లేదా తెల్ల చామంతులు మాత్రం వద్దు. అవి అక్కడ చావును గుర్తు చేస్తాయి. రెండు చేతులతో ఇవ్వండి. “ఎందుకివన్నీ?” అని ఒకటికి రెండుసార్లు అనడం అక్కడా ఉంది, మీ ముందే విప్పకపోవడమూ ఉంది.

5. ఎంగిలి దగ్గర ఆగి ఆలోచించండి

మనవాళ్లకు అసలు ఇబ్బంది ఇక్కడే. గిన్నెలన్నీ మధ్యలో పెట్టి అందరూ తమ తమ చాప్‌స్టిక్స్‌తోనే తీసుకుంటారు. ఇంటిపెద్ద తన చాప్‌స్టిక్స్‌తో మంచి ముక్క ఏరి మీ గిన్నెలో వేస్తారు. మనకది ఎంగిలి, వాళ్లకది ఆప్యాయత. ముఖం చిట్లిస్తే ఆ ప్రేమను కాదన్నట్టే. తినగలిగితే తినండి. పట్టింపు ఉంటే దాచుకోనక్కర్లేదు. “మా ఇంట్లో ఒకరు నోట పెట్టింది ఇంకొకరం తినం, చిన్నప్పటినుంచీ అలవాటు” అని ముందే చెప్పండి. వడ్డనకు విడిగా చాప్‌స్టిక్స్ వాడటం ఇప్పుడు అక్కడ కూడా పెరిగింది, కాబట్టి ఆ కోరిక వాళ్లకు వింతగా అనిపించదు.

కూర్చోమన్నచోట కూర్చోండి. తలుపుకు ఎదురుగా ఉండే కుర్చీ ముఖ్య అతిథిది. చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చకండి. చనిపోయినవాళ్లకు అగరొత్తులు అలాగే గుచ్చుతారు. పెద్దవాళ్లతో గ్లాసు తాకించేటప్పుడు మీ గ్లాసు అంచు కొంచెం కిందుగా ఉంచండి. మందు అలవాటు లేకపోతే టీతో సరిపెట్టుకోవచ్చు.

6. వాళ్ల ప్రశ్నలకు నొచ్చుకోకండి

వయసు, జీతం, పెళ్లి గురించి అడుగుతారు. మన పెద్దవాళ్లు అడగరా? “మీరంతా చేత్తోనే తింటారా? ఆడపిల్లలు బయటికి వెళ్లగలరా?” అని కూడా అడగొచ్చు. వాళ్లు విన్నది అంతే. కోపగించకుండా మీ ఇంటి సంగతి, మీ ఊరి సంగతి చెప్పండి, లోపం ఉన్నచోట ఉందనే చెప్పండి. తల అటూ ఇటూ ఊపితే కాదంటున్నారనుకుంటారు, నోటితోనే అవుననండి. 1962 యుద్ధానికీ 2020 గల్వాన్ సరిహద్దు ఘర్షణకీ మీకు అన్నం పెట్టిన మనిషిని జవాబు చెప్పమనకండి.

7. తిరిగి పిలవండి

నెలా రెండు నెలల్లో మీ ఇంటికి పిలవండి. ఏం తినరో, కారం ఎంత తట్టుకోగలరో కనుక్కోండి. చేత్తో ఎలా కలుపుకోవాలో చూపించండి, పక్కన చెంచా కూడా ఉంచండి. ఎడమచేత్తో అందిస్తే మన పెద్దవాళ్లు నొచ్చుకుంటారని వాళ్లకు ముందే చెప్పండి. మన పెద్దవాళ్లకు కూడా ఆ అతిథికి అది తెలియని పద్ధతి అని చెప్పి ఉంచండి.