అమెరికా బిజినెస్ డిగ్రీకి ఎర్లీ డెసిషన్: ఏ కాలేజీకి వేయాలో తేల్చుకోవడం ఎలా

అమెరికాలో పేరున్న కాలేజీల బిజినెస్ డిగ్రీకి ముందస్తుగా దరఖాస్తు చేయడంలో రెండు పద్ధతులున్నాయి. రెండింటికీ గడువు చాలాచోట్ల నవంబర్ 1. ఎర్లీ యాక్షన్‌లో ఫలితం త్వరగా వస్తుంది, చేరేదీ లేనిదీ చెప్పడానికి సాధారణంగా మే 1 వరకు సమయం ఉంటుంది. ఎర్లీ డెసిషన్‌లో మాత్రం సీటు వస్తే చేరి తీరతామన్న ఒప్పందంపై విద్యార్థి, తల్లిదండ్రుల్లో ఒకరు, చదువుతున్న కాలేజీ తరఫున కౌన్సెలర్ సంతకం చేస్తారు. డిసెంబర్ మధ్యలో సీటు ఖరారైతే మిగిలిన దరఖాస్తులన్నీ ఉపసంహరించుకోవాలి. ఈఏపీసెట్‌లో మొదటి విడత సీటు నచ్చకపోతే తర్వాతి విడతకు వెళ్ళడానికి అలవాటుపడిన కుటుంబాలు ఈ తేడాను సంతకానికి ముందే గ్రహించాలి. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరైనా, గుంటూరు లక్ష్మీపురంలోనైనా కన్సల్టెన్సీల అనుభవం ఎక్కువగా ఎమ్మెస్ దరఖాస్తులది. ఎనిమిది చోట్ల వేసి, వచ్చిన వాటిలో ఒకటి ఎంచుకునే ఆ పద్ధతి ఇక్కడ పనికిరాదు.

అందుకే కాలేజీ పేరు కన్నా ముందు డబ్బు లెక్క తేలాలి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని వార్టన్ బిజినెస్ స్కూలు వంటి చోట ఫీజు, హాస్టలు, భోజనం అన్నీ కలిపి ఏడాది ఖర్చు 90 వేల డాలర్లు దాటింది, అంటే 75 లక్షల రూపాయల పైమాటే. నాలుగేళ్ళకు మూడు కోట్లకు తగ్గదు. వార్టన్, కార్నెల్ విశ్వవిద్యాలయంలోని డైసన్ ఐవీ లీగ్ (ఎనిమిది పేరున్న విశ్వవిద్యాలయాల కూటమి) కాలేజీలు కాబట్టి అక్కడ ప్రతిభను బట్టి ఇచ్చే స్కాలర్‌షిప్పులు లేవు. సాయం కుటుంబ ఆర్థిక స్థితిని బట్టే వస్తుంది, పైగా పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థి సాయం అడిగాడా లేదా అన్నది సీటు నిర్ణయంలో కూడా లెక్కకు వస్తుంది. దరఖాస్తులో సాయం అవసరం లేదని రాసి తరువాత అడుగుదామనుకోవడం ప్రమాదకరం, ఎందుకంటే మొదట అడగని విదేశీ విద్యార్థికి తరువాత ఇవ్వబోమని చాలా కాలేజీలు ముందే చెబుతాయి.

సాయం కోరేవారు కుటుంబ ఆదాయం, ఆస్తుల వివరాలు అడిగే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి. మిర్చి, పత్తి పండించే గుంటూరు ప్రాంతపు కుటుంబాలకు అసలు చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. వ్యవసాయ ఆదాయంపై మన దేశంలో ఆదాయపు పన్ను లేనందువల్ల రిటర్నుల్లో కనిపించే ఆదాయం తక్కువగా ఉంటుంది, పట్టాదారు పాసుపుస్తకంలోని భూమి విలువ మాత్రం పెద్ద ఆస్తిగా కనిపిస్తుంది. ధర బాగున్న ఏడాదికీ పడిపోయిన ఏడాదికీ మధ్య వ్యత్యాసాన్ని చూపేలా యార్డు పట్టీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కౌలు వివరాలు జతచేసి, పరిస్థితిని వివరిస్తూ ఒక లేఖ రాయడం మంచిది. ఇంకో సంగతి: ఎర్లీ డెసిషన్ ఫలితం వచ్చాక కొద్ది వారాల్లోనే డిపాజిట్ కట్టమంటారు, కొత్త మిర్చి యార్డుకు జోరుగా వచ్చేది ఆ తరువాతే. ఆ సొమ్ము ఎక్కడి నుంచి వస్తుందో, మిగిలినదానికి ఏ ఆస్తి తనఖా పెట్టి విద్యారుణం తీసుకుంటారో అక్టోబర్‌లోనే ఇంట్లో కూర్చుని కాగితం మీద రాసుకోవాలి. ఇచ్చిన సాయం చాలకపోతే ఒప్పందం నుంచి విడుదల కోరవచ్చు, కానీ ఆ వెసులుబాటు సాయానికి దరఖాస్తు చేసినవారికే. నాలుగు కాలేజీల సాయాన్ని పక్కపక్కన పెట్టి పోల్చుకున్నాకే చదివించగలమనే కుటుంబం ఎర్లీ డెసిషన్ జోలికి వెళ్ళకూడదనే నా గట్టి అభిప్రాయం. అటువంటివారికి ఇండియానా విశ్వవిద్యాలయంలోని కెల్లీ బిజినెస్ స్కూలు వంటి చోట ఎర్లీ యాక్షన్ సరైన దారి.

డబ్బు లెక్క కుదిరాక, మొదటి ఏడాదిలోనే నేరుగా బిజినెస్ స్కూలులో చేర్చుకుంటారా, లేక విశ్వవిద్యాలయంలో చేరాక మళ్ళీ పోటీపడాలా అన్నది చూడాలి. వార్టన్, డైసన్, న్యూయార్క్ విశ్వవిద్యాలయపు స్టెర్న్ నేరుగా చేర్చుకుంటాయి. మళ్ళీ పోటీపడవలసిన చోట ఎర్లీ డెసిషన్ వేస్తే కట్టుబాటు ఖాయమవుతుంది, బిజినెస్ సీటు మాత్రం ఖాయం కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలోని హాస్ బిజినెస్ స్కూలుకు వెళ్ళాలనుకునేవారు అక్కడ ముందస్తు విడతే లేదని గుర్తించాలి. ఊరు కూడా ముఖ్యమే. స్టెర్న్ మాన్‌హట్టన్ నడిబొడ్డున ఉంది, డైసన్ ఇథాకా అనే చిన్న పట్టణంలో ఉంది. ఫైనాన్స్ వైపు మొగ్గున్న పిల్లకూ, ఇంటి కోల్డ్ స్టోరేజీ వ్యాపారం చూస్తూ పెరిగి ఆహార, వ్యవసాయ వ్యాపారాన్ని చదవాలనుకునే పిల్లవాడికీ ఒకే సమాధానం ఉండదు. వ్యవసాయ కళాశాలలో మూలాలున్న డైసన్ ఈ రెండో రకం విద్యార్థికి సహజంగా సరిపోతుంది.

అవకాశాల గురించి చెప్పే శాతాలను జాగ్రత్తగా చదవాలి. ఎర్లీ డెసిషన్‌లో ఎంపిక శాతం ఎక్కువన్నది నిజమే. అయితే కాలేజీ జట్ల కోసం ముందే ఎంపిక చేసుకున్న క్రీడాకారులూ, కొన్నిచోట్ల పూర్వ విద్యార్థుల పిల్లలూ ఆ లెక్కలోనే ఉంటారు కాబట్టి, మన విద్యార్థికి కలిగే లాభం ఆ అంకెలు సూచించేటంత ఉండదు. బలహీనమైన దరఖాస్తును ముందుగా పంపినంత మాత్రాన అది బలపడదు.

నవంబర్ 1 నాటికి దస్త్రం నిజంగా సిద్ధమవుతుందా అన్నది చివరి పరీక్ష. ప్రవేశ పరీక్ష అయిన శాట్ అవసరమైన చోట ఆగస్టు లేదా అక్టోబర్‌లోనే రాసేయాలి. ఇంటర్ రెండో ఏడాది మార్కులు అప్పటికి ఉండవు, కనుక పదో తరగతి, ఇంటర్ మొదటి ఏడాది మార్కులతో పాటు అంచనా మార్కులు కూడా కాలేజీ పంపవలసి ఉంటుంది. మన ఇంటర్ కాలేజీల్లో చాలావాటిలో కౌన్సెలర్ పదవి లేదు. ప్రిన్సిపాల్ గారో, వైస్ ప్రిన్సిపాల్ గారో ఆ బాధ్యత తీసుకోవాలి. దసరా సెలవులకు ముందే వారిని కలిసి, కామన్ యాప్ అనే ఉమ్మడి ఆన్‌లైన్ దరఖాస్తులో ఏమేమి నింపాలో, ఒప్పందంపై వారు ఎందుకు సంతకం చేయాలో వివరించి, సిఫారసు లేఖ రాసే లెక్చరర్‌కు కనీసం నెల రోజుల వ్యవధి ఇవ్వాలి.

సీటు రాకపోతే, డిసెంబర్ మధ్య నుంచి జనవరి మొదటి వారపు సాధారణ గడువులకు మిగిలేది రెండు మూడు వారాలే, అదీ ఇంటర్ ప్రాక్టికల్స్, ప్రీఫైనల్స్ ఒత్తిడి మొదలయ్యే వేళ. అందువల్ల మిగిలిన కాలేజీల వ్యాసాలు నవంబర్ నెలాఖరుకే పూర్తిచేసి పెట్టుకోవాలి. స్టెర్న్ వంటి కొన్నిచోట్ల జనవరిలో రెండో ఎర్లీ డెసిషన్ విడత కూడా ఉంటుంది, అయితే దానికీ అదే కట్టుబాటు వర్తిస్తుంది కాబట్టి డబ్బు లెక్కను మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి. ఇక మన దేశంలోనే ఉన్న ప్రత్యామ్నాయం సంగతి: ఐఐఎం ఇండోర్ ఇంటర్ తరువాతి ఐదేళ్ళ మేనేజ్‌మెంట్ కోర్సు ఐపీఎంకు జరిపే ప్రవేశ పరీక్ష ఐపీమ్యాట్ ఇంటర్ పరీక్షల తరువాత వేసవిలో వస్తుంది కనుక, దాని సన్నద్ధతను డిసెంబర్ ఫలితం వచ్చేవరకు ఆపకుండా కొనసాగించాలి.