రంగు పొర లేవకుండా ఉండాలంటే
నల్లగొండలో నా షెడ్డులో నేనే రంగు వేసిన ఒక కారు డోరుకు ఆరు నెలల్లో పొక్కులొచ్చాయి. గోరుతో గీకితే పొర లేచింది, కింద తెల్లటి ఉప్పు మరక. బోరు నీళ్లతో వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) కొట్టి సరిగ్గా కడగలేదు. ఆ బాధ ఇంకా ఉంది.

ఇప్పుడు ఆఖరి కడుగు ఫిల్టర్ నీళ్లతోనే, మూలలన్నీ ఆరాకే తర్వాతి పని. ప్రైమర్‌ను, అంటే రంగు కింద వేసే పూతను, 600 నుంచి 800 నంబర్ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్దండి. జిడ్డు తీసే వ్యాక్స్ రిమూవర్‌తో తుడిచాక ఒట్టి చేత్తో ముట్టొద్దు, చేతి జిడ్డు చాలు రంగు పట్టకపోవడానికి. మే నెల ఎండలో రేకు కాలుతుంటే రంగు కొట్టకండి. నీడలో పెట్టి, నెమ్మదిగా ఆరే స్లో థిన్నర్ వాడండి. బేస్ కోటు (అసలు రంగు పూత) తడి మెరుపు పోయాకే తర్వాతి కోటు. దాని మీద వేసే రంగులేని మెరుపు పూత, క్లియర్, అదే రోజు కొట్టేయాలి. పూతను గట్టిపరచడానికి కలిపే హార్డెనర్ డబ్బా మీద రాసిన కొలతే, అందాజా వద్దు.