మూసేసిన పాత పాలరాతి క్వారీలో డబ్బు పెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

రెండు నెలల్లో ముగ్గురు నన్ను ఒకటే అడిగారు. కొండ మీద పాత పాలరాతి క్వారీ ఉందట, రాజుగారి కాలం నాటిదట, మళ్ళీ తెరుస్తున్నారట, తలా ఐదు లక్షలు వేసుకుందాం అంటున్నారు, పెట్టొచ్చా అని. ముగ్గురికీ ఫోన్లో విడివిడిగా చెప్పాను, ఇప్పుడు అందరి కోసం ఒకేచోట రాస్తున్నాను. నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో పుట్టి పెరిగాను, టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల్లో పదకొండేళ్ళు లెక్కలు రాశాను. మా బావ ఇలాగే మూసేసిన క్వారీ ఒకదాంట్లో ఆరు లక్షలు పెట్టాడు, అందులో ఒక్క రూపాయి కూడా తిరిగి చూడలేదు. కాబట్టి ఇది నాకు ఊరికే చెప్పే కబురు కాదు.

డబ్బు అడిగిన మనిషిని మీరు మొదట వేయాల్సిన ప్రశ్న లాభం ఎంత అని కాదు, ఇది ఎందుకు మూతపడింది అని. దానికి కాగితం మీద జవాబు కావాలి. "అప్పట్లో యజమాని పోయాడండీ, పిల్లలు పట్టించుకోలేదు" అంటే నమ్మేయకండి, నిజంగా మంచి రాయి ఉన్న క్వారీని ఎవరో ఒకరు పట్టించుకునే ఉంటారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో యూల్ అని ఒక పాలరాతి క్వారీ ఉంది, వాషింగ్టన్‌లో లింకన్ మెమోరియల్ బయటి గోడలకీ స్తంభాలకీ వాడిన రాయి అక్కడిదే. గిరాకీ పడిపోయి 1941లో మూసేశారు, మళ్ళీ 1990లో తెరిచారు. రాయి బాగుండి గిరాకీ లేక మూతపడిన క్వారీ అలా లేస్తుంది. పగుళ్ళ వల్లో, అడవి భూమి అనో, ఊరు ఒప్పుకోకో మూతపడింది మాత్రం మన ఐదు లక్షలతో లేవదు, ఆ కారణం ఇంకా అక్కడే కూర్చుని ఉంటుంది.

ఆ కారణం ఎవరికి తెలుస్తుంది? ఆ ఊళ్ళో అరవై దాటిన కూలీలకి. మా బావ డబ్బు కట్టిన ఏడాదికి నేను ఆ ఊరు వెళ్తే టీకొట్టు దగ్గర ఒక ముసలాయన రెండు నిమిషాల్లో చెప్పేశాడు, "నీళ్ళెక్కేసినాయి బాబూ, కింద రాయంతా ముక్కలైపోనాది, అందుకే ఒగ్గేసినారు" అని. ఆ రెండు నిమిషాలు ముందే పెట్టి ఉంటే ఆరు లక్షలు మిగిలేవి.

ఇక రాయి దగ్గరికి వద్దాం. అసలు అది పాలరాయేనా? మన గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్ (ఖోండు గిరిజనుల పేరు మీదే ఆ పేరు వచ్చింది), చార్నోకైట్, గ్రానైట్ జాతి రాళ్ళు. పాలరాయి వాటి మధ్యలో పట్టీల్లాగా అక్కడక్కడా వస్తుంది. అరకు దగ్గర బొర్రా గుహలు ఏర్పడింది అలాంటి సున్నపురాతి పట్టీలోనే. కాబట్టి ఉండదని అనను, కానీ మన వైపు మెరిసే తెల్లరాయి ప్రతిదాన్నీ మార్బుల్ అనేస్తారు. చూసుకోవడం తేలిక. ఇనుప మేకుతో గట్టిగా గీయండి, పాలరాయి గీత పడుతుంది, క్వార్ట్జైట్ (పాలరాయిలా కనిపించే చాలా గట్టి రాయి) అయితే మేకే అరిగి రాయి మీద ఇనుప మరక మిగులుతుంది. తర్వాత బాత్రూం కడిగే యాసిడ్ ఒక చుక్క వేయండి, కళ్ళకి అద్దాలు పెట్టుకుని. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నపు జాతి ఉన్నట్టు. డోలమైట్ రకం పాలరాయి అయితే రాయి మీద పెద్దగా పొంగదు, గీకి పొడి చేసి ఆ పొడి మీద వేస్తే పొంగుతుంది. ఇంకో సంగతి, తూర్పు కనుమల పాలరాయిలో పచ్చటివీ గోధుమరంగువీ గట్టి గింజలు కలిసి ఉండటం మామూలే. రంపం తొందరగా అరగడానికీ, పాలిష్ పట్టేటప్పుడు గింజ ఊడి గుంట పడటానికీ అవే కారణం. అందుకే శాంపిల్ ముక్క చూసి మురిసిపోకండి, రెండడుగుల స్లాబు కోయించి పాలిష్ పట్టించి ఇవ్వమనండి.

పాత ఫేస్ (రాయి కోసిన నిలువు గోడ) దగ్గర నిలబడినప్పుడు ఒక బకెట్ నీళ్ళు రాయి మీద కొట్టి పావుగంట ఆగండి. పైన తడి ఆరిపోతుంది, సన్న పగుళ్ళు మాత్రం తడిగా నల్లటి గీతల్లా మిగిలిపోతాయి. ఆ గీతల మధ్య ఎంత ఎడం ఉందో టేపుతో కొలవండి. మీటరు కూడా లేకపోతే అక్కడ బ్లాకు (స్లాబులు కోసే పెద్ద దిమ్మ) రాదు, చిప్స్ వస్తాయి. పాతకాలంలో మందుగుండు పెట్టి పేల్చేవాళ్ళు, ఆ దెబ్బకి ఫేస్ వెనక కొన్ని మీటర్ల దాకా రాయి లోపల చిట్లి ఉంటుంది. ఇప్పుడు డైమండ్ వైర్ సాతో (వజ్రపు పూసల తీగ రంపంతో) కోస్తే అలా చిట్లదు, ఆ మాట నిజమే, కానీ ఇదివరకు చిట్లిపోయిన రాయిని వైర్ సా అతకదు కదా. దాన్ని తీసిపారేసే ఖర్చు మీ మీదే పడుతుంది.

లోపల ఏముందో తెలియాలంటే కోర్ డ్రిల్లింగ్ ఒక్కటే దారి, అంటే లోతుగా తొలిచి గుండ్రటి రాతి కడ్డీలు బయటికి తీయడం. కనీసం నాలుగైదు బోర్లు వేసి, వచ్చిన కోర్ కడ్డీల్ని పెట్టెల్లో వరసగా పేర్చి, ఫోటోలు కాదు, ఆ పెట్టెలే చూపించమనండి. మొత్తం డ్రిల్ చేసిన పొడవులో పది సెంటీమీటర్లకి మించిన గట్టి ముక్కలు ఎంత శాతమో లెక్కేస్తారు, దాన్నే ఆర్‌క్యూడీ అంటారు. అది బాగుంటే బ్లాకులు వచ్చేస్తాయని కాదు, బ్లాకుకి పది సెంటీమీటర్లు ఏం సరిపోతాయి, కానీ అదే బాగోకపోతే ఇంక మాట్లాడుకోవాల్సింది ఏమీ లేదు. అలాగే ల్యాబులో నీటి పీల్పు చూపించమనండి. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ503 ప్రకారం పాలరాయి పీల్చే నీరు బరువులో 0.20 శాతం దాటకూడదు, మన దేశానికి ఐఎస్ 1130 ఉంది. ఎగుమతి మాటలు చెప్పేవాళ్ళ దగ్గర ఈ రిపోర్టు లేకపోతే ఆ మాటల్ని పక్కన పెట్టేయండి.

లెక్క ఇలా వేసుకోండి. ఘనపు మీటరు పాలరాయి దాదాపు 2.7 టన్నులు. వంద ఘనపు మీటర్లు కోస్తే అమ్ముకోదగ్గ బ్లాకులు 25 ఘనపు మీటర్లు వచ్చాయనుకుందాం, అంటే 67 టన్నుల సరుకు, 200 టన్నుల వేస్టు. అదే 25 కాకుండా 15 వస్తే సరుకు 40 టన్నులకి పడిపోతుంది, డీజిలూ కూలీ రంపం ఖర్చూ మాత్రం పైసా తగ్గదు. క్వారీ లాభం నష్టం అంతా ఈ ఒక్క అంకె మీద ఆధారపడి ఉంది, అందుకే మీకు చూపించే ప్రాజెక్టు రిపోర్టులో దీన్ని ఎప్పుడూ ఎక్కువ చేసి రాస్తారు. నేను రాసిన లెక్కల పుస్తకాల్లో యజమాని అనుకున్న శాతం మొదటి రెండేళ్ళలో వచ్చిన క్వారీ ఒక్కటి కూడా లేదు. పైగా పగిలిన రాయి దాదాపు ఒకటిన్నర రెట్లు చోటు తింటుంది. అది ఎక్కడ పోస్తారు, ఆ స్థలం లీజులో ఉందా, పాత డంపు మంచి రాయి మీదే పోసేశారా, ఇవన్నీ నడిచి చూడాలి. నీళ్ళు నిండిన గొయ్యి ఉంటే తోడటం ఒక ఖర్చు, తోడాక నానిన గట్టు విరిగిపడటం ప్రాణాల మీదకి వచ్చే సంగతి. క్వారీ తెరిచిన రోజు నుంచి అది గనుల భద్రత చట్టం కిందకి వస్తుంది, గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ నిబంధనలు పాటించాలి, అర్హత ఉన్న మేనేజరు ఉండాలి. కూలీలు పనిచేసే గట్టు గురించి అడిగితే "చూసుకుంటాంలెండి" అనేవాళ్ళతో భాగస్వామ్యం పెట్టుకోకండి.

కాగితాలు. ఇక్కడే మా బావ మునిగాడు. "ఒరే, రాయి కళ్ళ ముందు కనిపిస్తోంది కదరా, ఇంకేం కావాలి" అన్నాడు నాతో. రాయి కనిపించడం వేరు, దాన్ని తీసే హక్కు వేరు. పాలరాయి, గ్రానైట్ లాంటివి చిన్న ఖనిజాలు, 1957 ఎంఎండీఆర్ చట్టం (గనులు, ఖనిజాల చట్టం) సెక్షన్ 15 కింద వాటికి రూల్స్ రాష్ట్రాలు పెడతాయి, ఒడిశాలో అవి 2016 నాటి మైనర్ మినరల్ రూల్స్. రాజుగారు మా తాతకి రాసిచ్చిన పట్టా అని ఎవరైనా పాత కాగితం చూపిస్తే గౌరవంగా చూసి తిరిగి ఇచ్చేయండి. 1951 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ హక్కులు ప్రభుత్వానికి పోయాయి, ఈరోజు తవ్వాలంటే ఈరోజు అమల్లో ఉన్న లీజు కావాలి, అది మీరు డబ్బిచ్చే మనిషి పేరునో కంపెనీ పేరునో ఉండాలి. "లీజు మా స్నేహితుడిది, పని మేం చూస్తాం" అంటే అక్కడితో నమస్కారం పెట్టేసి వచ్చేయండి.

తర్వాత ఒడిశా భూమి రికార్డుల భూలేఖ్ వెబ్‌సైట్లో ప్లాటు నంబరు కొట్టి కిసం, అంటే భూమి రకం, ఏముందో చూడండి. పత్ర జంగల్, గ్రామ్య జంగల్, ఝాటి జంగల్ ఇలా జంగల్ అన్న మాట ఏ రూపంలో ఉన్నా ఆగిపోవాలి. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, రికార్డుల్లో అడవి అని ఉంటే యజమాని ఎవరైనా అటవీ చట్టం వర్తిస్తుందని చెప్పింది. అక్కడ చెట్టు ఒక్కటి కూడా లేకపోవచ్చు, కేంద్రం అనుమతి మాత్రం కావాలి. మా బావ క్వారీ కిసం పత్ర జంగల్. నేను చూసేసరికి చెక్కు క్లియర్ అయిపోయింది. ఒడియా చదవడం రాకపోతే తెలిసినవాళ్ళతో చదివించుకోండి, లేదా ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఆఫీసులోనో తహసీల్దారు ఆఫీసులోనో అడిగి నకలు తీసుకోండి, సిగ్గుపడాల్సిన పని లేదు.

పర్యావరణ అనుమతి గురించి కూడా ఇలాగే మాయ చేస్తారు. పది పన్నెండు ఎకరాలే కదా, చిన్న క్వారీకి అక్కర్లేదు అంటారు. ఐదు హెక్టార్ల లోపు చిన్న ఖనిజాల లీజులకి కూడా అనుమతి కావాల్సిందేనని 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఒక క్వారీ సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే ఆగిందంటే ఈ అనుమతి లేకే ఆగిందేమో అడగండి.

ఊరి గురించి. కోరాపుట్, రాయగడ జిల్లాలు మొత్తం, గజపతిలో ఆర్.ఉదయగిరి వైపు, గుమ్మ, రాయగడ బ్లాకులు షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ చిన్న ఖనిజాల లీజుకి గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు ముందే ఉండాలని 1996 పెసా చట్టం (గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం) చెబుతోంది. గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనడం 1956 నాటి రెగ్యులేషన్‌కి 2002లో వచ్చిన సవరణతో పూర్తిగా ఆగిపోయింది, కాబట్టి ఎవరో గిరిజన రైతు పేరు పెట్టి వెనక నుంచి నడిపిద్దాం అనే ఆలోచనకి డబ్బు ఇవ్వకండి, అది చట్టానికీ తప్పే, ఆ రైతుకీ అన్యాయమే. 2013లో నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాన్ని రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభలు వద్దన్నాయి, అంత పెద్ద బాక్సైట్ ప్రాజెక్టే ఆగింది. గ్రామసభ తీర్మానం నకలు అడగండి, అంతకన్నా ముఖ్యంగా ఆ ఊరికి వెళ్ళి ఆడవాళ్ళతో మాట్లాడండి, ఊట నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో వాళ్ళకే తెలుసు. ఆ ఊట క్వారీ కిందుగా ఉంటే నా సలహా ఒక్కటే, వదిలేయండి.

చారిత్రక క్వారీ అన్న పేరుకి విలువ లేదని నేను అనను. రాజస్థాన్‌లోని మక్రానా పాలరాయికి 2019లో ప్రపంచ వారసత్వ శిలగా గుర్తింపు వచ్చింది, తాజ్‌మహల్‌కీ, కలకత్తా విక్టోరియా మెమోరియల్‌కీ వాడింది అదే. కానీ అక్కడ పేరు వెనక కట్టడాలు నిలబడి ఉన్నాయి. మీకు చెప్పే క్వారీ రాయి ఏ గుడిలో, ఏ కోటలో వేశారో అడిగి వెళ్ళి చూడండి. ఎండకీ వానకీ తడిసే మెట్టు మీద వందేళ్ళ తర్వాత ఆ రాయి ఎలా ఉందో, అంచులు పొడిపొడిగా రాలుతున్నాయా, పసుపు మరకలు వచ్చాయా, అది చూస్తే ఏ ల్యాబూ ఇవ్వలేని రిపోర్టు మీ చేతిలో ఉన్నట్టే. ఒక్క కట్టడం కూడా చూపించలేకపోతే ఆ చరిత్రకి మీరు ధర కట్టక్కర్లేదు.

డబ్బు ఒకేసారి ఇవ్వకండి. జియాలజిస్టు ఫీజుకి, డ్రిల్లింగ్‌కి మీ వాటా మొదట ఇవ్వండి, అది పోయినా పరవాలేదు అనుకున్నంతే. జియాలజిస్టుని మీ తరఫున మీరే పెట్టుకోండి, ఫలితం మీ చేతికి రావాలి. లీజు, అనుమతులు అన్నీ వచ్చాకే రెండో విడత. వైర్ సా, క్రేను కొనేటప్పుడు మూడోది. మామూలు పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌లో సంతకం పెడితే ఫర్మ్ అప్పులకి మీ ఇల్లు కూడా బాధ్యత పడుతుంది, ఎల్‌ఎల్‌పీ గానీ ప్రైవేట్ లిమిటెడ్ గానీ అడగండి, వాటిలో మీ బాధ్యత పెట్టిన డబ్బు వరకే. తవ్వకం జరగని సంవత్సరం కూడా ప్రభుత్వానికి డెడ్ రెంట్ (లీజు కనీస అద్దె) కట్టాలి, రెండు వానాకాలాలు రాబడి లేకుండా గడిచిపోయే డబ్బు కంపెనీ ఖాతాలో ఉందా లేదా చూడండి. నెలకి ఇంత అని ఖాయంగా ఇస్తాం అంటే, ఇంకా తెరవని క్వారీ నుంచి నెలనెలా డబ్బు ఎలా వస్తుంది చెప్పండి? అది వెనక చేరినవాళ్ళ డబ్బే. అలా జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవడాన్ని ఆపడానికే 2019లో అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం వచ్చింది.

ఇప్పటికే ఇచ్చేసినవాళ్ళు ఉంటే టెన్షన్ పడుతూ కూర్చోకండి. బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ మాటలు, రసీదులు ఈ రాత్రే ఒకచోట పెట్టుకోండి. లీజు నకలు, కిసం వివరం కావాలని స్పీడ్ పోస్టులో రాయండి. బాకీ వసూలు దావాకి సాధారణంగా మూడేళ్ళే గడువు. మా బావ బంధుత్వం చెడుతుందని ఆగీ ఆగీ రెండేళ్ళ పది నెలలు గడిపేశాడు, చివరి రెండు నెలల్లో వకీలు దగ్గరికి పరిగెత్తాం. కేసు ఇంకా నడుస్తోంది.