రెండు విండోలు తెరిస్తే ఒకరి ఫారంలో ఇంకొకరి పేరు ఎందుకొస్తుంది?

పర్లాకిమిడిలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. మొన్న కాశీనగరం నుంచి కూతురి స్కాలర్‌షిప్ ఫారం నింపించడానికి వచ్చినావిడ స్క్రీన్ మీదికి వంగి, “ఇదేటి బాబూ, ఇది మా గుంట పేరు కాదే!” అంది. అప్పటికే నా బాణం గుర్తు సబ్మిట్ మీదుంది. ఆవిడ చూడబట్టి ఆ పిల్ల దరఖాస్తు దక్కింది. సెంటర్లు నడిపే ప్రతి ఒక్కరికీ ఇది తెలియాలి.

సమస్య: ఒకే సైటు, రెండు విండోలు. ఒకదాంట్లో ఒకరు, రెండోదాంట్లో ఇంకొకరు లాగిన్ అయ్యారు. మొదటి విండోలో పేజీ మార్చగానే రెండోవాళ్ల వివరాలు వచ్చేస్తాయి.

కారణం: లాగిన్ అవగానే సైటు మన బ్రౌజర్‌కి కుకీ ఇస్తుంది, టోకెన్ నంబరు లాంటిది. బ్రౌజర్ దాన్ని విండోకొకటి చొప్పున దాచదు. ప్రొఫైల్ (ఒకే బ్రౌజర్‌లో ఒక్కొక్కరికి వేరుగా పెట్టుకునే ఖాతా లాంటిది) మొత్తానికి ఒకటే పెట్టె. రెండోవాళ్లు లాగిన్ అయితే పాత కుకీ స్థానంలోకి కొత్తది వచ్చేస్తుంది. ప్రమాదమంతా ఇక్కడే ఉంది: మొదటి విండోలో ముందే తెరుచుకున్న పేజీ మీద పాత పేరే కనిపిస్తుంది, సబ్మిట్ నొక్కితే మాత్రం వెళ్లేది కొత్త కుకీ.

“క్రోమ్‌లో ట్యాబులు వేరేవేరే ప్రాసెస్‌లు కదన్నా?” అని మా సెంటర్ కుర్రాడు అడిగాడు. ప్రాసెస్ అంటే కంప్యూటర్‌లో విడిగా నడిచే పని. నిజమే, క్రోమ్ 2008లో వచ్చిందే ఆ పద్ధతితో. ఒక పేజీ బిగుసుకుపోతే మిగతావి ఆగకూడదని ఆ ఏర్పాటు. విండోస్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే ఏది ఎంత మెమరీ తింటోందో కనిపిస్తుంది, బిగుసుకున్నదాన్ని అక్కడే ఆపొచ్చు. కానీ ప్రాసెస్‌లు ఎన్నున్నా కుకీల పెట్టె ఒక్కటే.

పరిష్కారం: క్రోమ్‌లో కుడివైపు పైనున్న గుండ్రటి బొమ్మ నొక్కి కొత్త ప్రొఫైల్ చేర్చండి. నేను ‘కౌంటర్ 1’, ‘కౌంటర్ 2’ అని పెట్టి రంగులు మార్చుకున్నాను. విండో రంగు చూడగానే ఎవరిదో తెలిసిపోతుంది. ఎడ్జ్‌లోనూ ప్రొఫైళ్లు ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్‌లో కంటెయినర్ల యాడాన్ వేసుకుంటే ఒకే విండోలో ట్యాబుకో లాగిన్ పెట్టుకోవచ్చు.

ఇన్‌కాగ్నిటోని (చూసిన పేజీల జాబితా దాచుకోని విండోని) నమ్ముకోకండి. మామూలు విండోతో దానికి సంబంధం లేదు గానీ, ఇన్‌కాగ్నిటో విండోలు రెండు తెరిస్తే ఆ రెండిటికీ కుకీలు ఒకటే. అన్నీ మూస్తేనే అవి పోతాయి.

బ్రౌజర్ మూసి తెరిచినా పాతవాళ్ల లాగిన్ ఉంటే సెట్టింగుల్లో ‘ఆన్ స్టార్టప్’ చూడండి. ‘కంటిన్యూ వేర్ యూ లెఫ్ట్ ఆఫ్’ ఉంటే పాత సెషన్ తిరిగొస్తుంది, దాన్ని మార్చండి. కొన్ని సైట్ల కుకీలు రోజుల తరబడి ఉండిపోతాయి కాబట్టి, వచ్చినవాళ్లు లేచేముందు వాళ్ల ఎదుటే లాగౌట్ నొక్కి, పేరు పోయిందని చూపించండి.