సూది ఎక్కడ వేయాలి: కండకా, నరానికా, చర్మం కిందా?

మన వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో జ్వరమొచ్చి ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే చాలామంది ముందే అడిగేస్తారు, "నరానికెయ్ సారూ, జల్ది తగ్గుతది" అని. సూది ఏ దారిన పోవాలో తేల్చేది మన తొందర కాదు, ఆ మందు. గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి ఇచ్చే బెంజాథిన్ పెన్సిలిన్ కండకే వేయాలి, అదే నరంలోకి పోతే గుండె ఆగిపోవచ్చు.

చర్మం పొరలోకి వేసేది బీసీజీ (క్షయ టీకా) లాంటివి, సూదిని దాదాపు పడుకోబెట్టి గుచ్చితే చిన్న బొబ్బలా లేస్తుంది. కండకైతే నిటారుగా, పెద్దవాళ్లకు జబ్బకు, పసిపిల్లలకు తొడ బయటి వైపు. పిర్రకు వేయించుకోవడం మనకు అలవాటే కానీ అక్కడ కాలిని కదిలించే పెద్ద నాడి (రక్తం పారే నరం కాదు) ఉంటుంది, చోటు తప్పితే కాలు ఈడ్చాల్సి వస్తుంది. కుక్క కరిస్తే వేసే టీకా మాత్రం పిర్రకు అసలు వేయకూడదు, సరిగా పనిచేయదు. ఇవన్నీ నర్సులకు వదిలేయండి. నరానికి ఎక్కించేది అయితే ఆస్పత్రిలోనే, మంచం మీదే.

ఇంట్లో మన చేతికి వచ్చేది చర్మం కింద కొవ్వులోకి వేసే ఇన్సులిన్. అదీ డాక్టర్ లేదా నర్సు ఒకసారి దగ్గరుండి చూపించాకే.

ముందు సీసా మీద అంకె చూడండి. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లు, ఇన్సులిన్ పెన్నులో పెట్టే మందు గొట్టంలో (కాట్రిడ్జ్) 100. 40 సీసాకు ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూతది. పెన్ను పాడైందని కాట్రిడ్జ్ మందును ఎర్ర మూత సిరంజితో లాగితే రెండున్నర రెట్ల డోసు పడుతుంది, షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు.

తెల్లగా మబ్బుగా ఉండే మందైతే అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి, గిలకొట్టొద్దు. పొట్ట మీద బొడ్డుకు రెండంగుళాలు వదిలేసి, సిరంజితో అయితే చర్మాన్ని రెండు వేళ్లతో మడత పట్టి గుచ్చండి, మందు మొత్తం దిగాక పది అంకెలు లెక్కపెట్టి తీయండి, రుద్దొద్దు. రోజూ ఒక్కచోటే వేస్తే నొప్పి తెలియదని కొందరు అక్కడే వేసుకుంటుంటారు, అది గడ్డ కట్టి మందు సరిగా ఒంటికి పట్టక షుగర్ ఎందుకు దిగట్లేదో అర్థం కాదు. అందుకే ప్రతిసారీ ఓ వేలెడు జరపండి.

వాడుతున్న సీసా మామూలు చల్లదనంలో నెల దాకా ఉంటుంది, కానీ మన ఎండాకాలం నలభై దాటుతుంది కాబట్టి ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి, డీప్ ఫ్రీజర్‌లో వద్దు, గడ్డకట్టిందంటే పారేయాల్సిందే. ఫ్రిజ్ లేనివాళ్లు తడి ఇసుకలో కుండ పెట్టి, సీసాను కవర్లో చుట్టి అందులో పెట్టుకోవచ్చు.

వాడిన సూదిని మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించండి, నిండాక దగ్గరి పీహెచ్‌సీలో అడిగి ఇవ్వండి. చెత్త బండిలో ఊరికే పడేస్తే గుచ్చుకునేది ఆ చెత్త ఏరే మనిషికి.