రెండు తలుపుల కారులో ఇద్దరు పిల్లలకు బూస్టర్ సీట్లు: నా అనుభవం

మేముండే బ్రిటన్‌లో పిల్లలకు పన్నెండేళ్ళు నిండేవరకు, లేదా ఎత్తు 135 సెంటీమీటర్లకు చేరేవరకు, తగిన సీటు తప్పనిసరి. మా చిన్న స్పోర్ట్స్ కారు వెనుక సీట్లు గిన్నెల్లా లోతుగా ఉండటం వలన, మొదట కొన్న వెడల్పాటి బూస్టర్లు (బెల్టు సరిగా పడేలా పిల్లలను ఎత్తులో కూర్చోబెట్టే సీట్లు) అంచుల మీద నిలిచి ఊగేవి; పైగా బెల్టు బకిల్ వాటి కింద నలిగిపోయేది. అడుగున తువ్వాలు మడిచి పెట్టి చూశాను కాని, అది తెలివితక్కువ పని, ఊపు మరింత పెరిగింది.

పిల్లలిద్దరూ 125 సెంటీమీటర్లు, 22 కిలోలు దాటినవారే కనుక, గిన్నె అడుగు వెడల్పును టేపుతో కొలిచి, అందులో ఇమిడే సన్నని, వీపులేని బూస్టర్లు తెచ్చాను. ముందుగా బకిల్‌ను నిటారుగా పైకి లాగి, ఆ తరువాతే బూస్టర్‌ను దాని పక్కగా జరిపితే, పాప తన వేళ్ళతోనే బెల్టు పెట్టుకోగలిగింది. కింది పట్టీ పొట్ట మీద కాక తుంటి ఎముకల మీదుగా, పై పట్టీ మెడను ఒరుసుకోకుండా భుజం నడుమగా వెళ్తున్నదని సరిచూశాను. బాబు కాళ్ళు పొడవు కావడంతో అతణ్ణి ముందు ప్రయాణికుని సీటు వెనుక కూర్చోబెట్టి, ఆ సీటును ముందుకు జరిపాను. ఇప్పుడు అక్కడ కూర్చునే మా ఆవిడ మోకాళ్ళే డాష్‌బోర్డుకు తగులుతున్నాయి.