కలంపేరు కూపీ – 3వ పాఠం: మగపేరు వెనక ఎవరున్నారు?

టైటిల్ పేజీని అక్షరం మార్చకుండా ఎత్తిరాసుకోవడం మొదటి పాఠంలో నేర్చుకున్నాం. తొలి ముద్రణనీ పునర్ముద్రణనీ విడదీయడం రెండో పాఠంలో చూశాం. ఇప్పుడు ఆ రెండూ వాడుకుని అసలు పనిలోకి దిగుదాం. మగపేరుతోనో, మగవాడిదేమో అనిపించే పేరుతోనో అచ్చయిన పుస్తకం ఫలానా ఆవిడ రాసిందని రుజువు చేయాలి. "అది అందరికీ తెలిసిందే కదా" అంటే సరిపోదు. ఎవరికి తెలుసు, ఎప్పట్నుంచి తెలుసు, ఏ కాగితం వల్ల తెలిసింది అన్న మూడింటికీ జవాబు ఉండాలి.

నమూనాకి 19వ శతాబ్దపు ఇంగ్లండును తీసుకుంటున్నాం. అక్కడ రచయిత్రుల ఉత్తరాలు, ప్రచురణకర్తలతో నడిచిన బేరసారాలు, చేతిరాత పుస్తకాలు బాగా మిగిలాయి. మీరు వేసే ప్రతి అడుగునీ సరిచూసుకోవచ్చు.

పట్టిక గీసుకోండి

నోటుబుక్కులో ఎదురెదురు పేజీలు రెండూ కలిపి ఐదు నిలువు గళ్లు గీయండి. మొదటి గడిలో తేదీ. రెండో దాంట్లో కాగితం మీద ఉన్న పేరు, ఉన్నది ఉన్నట్టుగా. మూడో గడిలో అది ఎలాంటి కాగితమో రాయండి: టైటిల్ పేజీనా, ఉత్తరమా, డబ్బు రసీదా, పత్రికలో సమీక్షా, మరణవార్తా. నాలుగో గడి ఆ మాట చెబుతున్నది ఎవరన్నది. ఐదోది ఆ సంగతి వాళ్లకెలా తెలిసిందన్నది.

ప్రతి వరసనీ ముందు పెన్సిలుతోనే రాయండి. ఐదో గడి నిండాకే సిరాతో దిద్దండి. కొత్తవాళ్లు చేసే తప్పుల్లో చాలామటుకు ఈ ఐదో గడి దగ్గరే. 1900 తర్వాత వచ్చిన ఏదో వ్యాసంలో చదివింది 1847 నాటి వరసలో వేసేస్తారు. ఆ వ్యాసకర్తకి ఎలా తెలుసో మాత్రం అడగరు.

నింపిన నమూనా: ముగ్గురు బెల్‌లు

1846 మేలో లండన్‌లోని ఐలట్ అండ్ జోన్స్ వాళ్లు ఒక కవితా సంపుటి వేశారు. రచయితలు కర్రర్ బెల్, ఎల్లిస్ బెల్, ఆక్టన్ బెల్. అచ్చు ఖర్చు రచయితలదే. మొదట కట్టింది 31 పౌన్ల 10 షిల్లింగులు. ఏడాది తిరిగేసరికి అమ్ముడుపోయినవి రెండంటే రెండు ప్రతులు. మన పట్టికకి మాత్రం పుస్తకం కంటే ఆ ఖర్చు గురించి నడిచిన ఉత్తరాలే ముఖ్యం. అవి యార్క్‌షైర్‌లోని హావర్త్ నుంచి వచ్చాయి, కింద సంతకం సి. బ్రాంటీ. బెల్‌ల తరఫున రాస్తున్నట్టుగా ఉంటాయి. కలంపేరు ఎంత గట్టిగా కట్టుకున్నా, డబ్బు పంపేటప్పుడూ జవాబు తెప్పించుకునేటప్పుడూ ఒక అసలు అడ్రసు ఇవ్వక తప్పదు. వెతుకులాట మొదలుపెట్టాల్సింది అక్కడే.

తర్వాతి వరస 1847 అక్టోబరు, ప్రచురణ స్మిత్, ఎల్డర్ అండ్ కో. 'జేన్ ఐర్', మూడు సంపుటాలు. టైటిల్ పేజీ మీద ఇది ఆత్మకథ అనీ, దీనికి కర్రర్ బెల్ సంపాదకుడనీ ఉంది. రచయిత అని లేదు! రెండో గడిలో ఊరికే 'కర్రర్ బెల్' అని రాసి వదిలేస్తే ఈ సంగతి జారిపోతుంది. మొదటి పాఠంలో అక్షరం మార్చొద్దని అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

1847 డిసెంబరులో థామస్ న్యూబీ అనే ఇంకో ప్రచురణకర్త మూడు సంపుటాల సెట్టు తెచ్చాడు. మొదటి రెండూ ఎల్లిస్ బెల్ 'వదరింగ్ హైట్స్', మూడోది ఆక్టన్ బెల్ 'ఆగ్నెస్ గ్రే'. సెట్టు ఒకటే అయినా పట్టికలో ఇవి రెండు వరసలు. మొత్తాన్నీ ఒక్క వరసలో కుక్కితే ముగ్గురూ ఒకరేనన్న అపోహకి మీరే దారి వేసినట్టు.

ఆ అపోహ నిజంగానే పుట్టింది. 1848లో ఆక్టన్ బెల్ రెండో నవల వచ్చినప్పుడు న్యూబీ అది 'జేన్ ఐర్' రాసినవారిదేనన్నట్టు అమెరికా ప్రచురణకర్తకి చెప్పాడు. స్మిత్, ఎల్డర్ వాళ్లు ఇదేమిటని కర్రర్ బెల్‌కి రాశారు. జులైలో షార్లెట్ బ్రాంటీ, చెల్లెలు ఆన్ రైలెక్కి లండన్ వచ్చి కార్న్‌హిల్‌లోని ఆ ఆఫీసుకి వెళ్లారు. ప్రచురణకర్త జార్జ్ స్మిత్ కర్రర్ బెల్‌కి పంపిన ఉత్తరాన్ని షార్లెట్ ఆయన చేతిలోనే పెట్టింది. ఇది మీకెక్కడిదని ఆయన అడిగాడు.

ఈ ఆధారాన్ని నిదానంగా తూచండి. ఆ ఉత్తరం కర్రర్ బెల్ అంటే షార్లెట్ అని రుజువు చేస్తుంది. బెల్ ఒక్కరు కాదనడానికి పక్కనే ఆన్ నిలబడి ఉంది. ఇంకో చెల్లెలు ఎమిలీ రాలేదు, కాబట్టి ఎల్లిస్ బెల్ సంగతి ఆ రోజు కాగితంతో తేలలేదు. ఆ వరసకి వేరే ఆధారం వెతకాలి. అలాంటివి రెండున్నాయి. ఒకటి, 'వదరింగ్ హైట్స్', 'ఆగ్నెస్ గ్రే' పునర్ముద్రణకి 1850లో షార్లెట్ రాసిన పరిచయం. అప్పటికి చెల్లెళ్లిద్దరూ పోయారు: ఎమిలీ 1848 డిసెంబరు 19న, ఆన్ 1849 మే 28న. ఐదో గడిలో 'అక్క, ఒకే ఇంట్లో ఉండి రాసిన మనిషి' అని వేయొచ్చు. రెండోది ఇంకా గట్టిది. ఎమిలీ 1844లో తన కవితల్ని సాపు రాసుకోవడం మొదలుపెట్టిన నోటుపుస్తకాలు. 1846 సంపుటిలో ఎల్లిస్ పేరు మీద ఉన్న కవితలు వాటిలో ఆమె చేతిరాతలో కనిపిస్తాయి. అచ్చుకంటే ముందటి తేదీలున్న చేతిరాతకి మించిన సాక్ష్యం దొరకడం అరుదు.

కర్రర్–షార్లెట్, ఎల్లిస్–ఎమిలీ, ఆక్టన్–ఆన్: పొడి అక్షరాలు కలుస్తున్నాయి కదా అని ముందే సంబరపడొద్దు. జవాబు తెలిశాక అవి ఎప్పుడూ కలుస్తున్నట్టే ఉంటాయి. పట్టికలో వాటికి పెన్సిలు చాలు.

ఇంకో మాట. ఈ మూడింటినీ 'మగపేర్లు' అని రాయకండి. పచ్చి మగపేర్లు పెట్టుకోవడానికి మనసొప్పలేదనీ, ఆడవాళ్లమని చెప్పుకోవడమూ ఇష్టం లేకపోయిందనీ, అందుకే ఎటూ తేలని పేర్లు ఎంచుకున్నామనీ షార్లెట్టే ఆ పరిచయంలో చెప్పింది. నోట్సులో 'ఆడో మగో తేలని పేరు' అని ఉండాలి.

శైలి చూసి ఆడా మగా చెప్పడం: ఎందుకు బోల్తా పడుతుంది

ఈ రంగంలో ఎక్కువ పరువు పోయేది ఇక్కడే. 1848 డిసెంబరు క్వార్టర్లీ రివ్యూ పత్రికలో 'జేన్ ఐర్' మీద ఒక సమీక్ష వచ్చింది. అందులో ఒక వాదన ఉంది: వంటింటి పనులూ, ఆడవాళ్ల బట్టలూ వర్ణించిన చోట తప్పులున్నాయి, అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచిన స్త్రీ వేసుకునే బట్ట అది కాదు, కాబట్టి రాసింది మగవాడే అయ్యుండాలని. తమాషా ఏమిటంటే ఆ సమీక్షకి పేరు లేదు, రాసింది ఎలిజబెత్ రిగ్బీ అనే ఆవిడ. తన పేరు దాచుకున్న ఒక స్త్రీ, పేరు దాచుకున్న ఇంకో స్త్రీని మగవాడని తేల్చింది.

నూటపాతికేళ్లు గడిచినా తీరు మారలేదు. అమెరికాలో జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్ పేరుతో 1968 నుంచి సైన్స్ ఫిక్షన్ కథలు వస్తుండేవి. ఆ రాత ముమ్మాటికీ మగవాడిదేనని ఇంకో సైన్స్ ఫిక్షన్ రచయిత రాబర్ట్ సిల్వర్‌బర్గ్ 1975లో ఆ కథల పుస్తకానికి ముందుమాటలో రాశాడు. రెండేళ్లకి ఆ రచయిత ఆలిస్ షెల్డన్ అనే ఆవిడని బయటపడింది.

ఇంగ్లిషు నవలాకారుడు డికెన్స్ మాత్రం 1858 జనవరిలో జార్జ్ ఎలియట్ అనే కలంపేరుతో వచ్చిన తొలి పుస్తకం చదివి, ఇది స్త్రీ రాసినట్టుందని ఉత్తరం రాశాడు. ఊహ నిజమైంది. అయినా పట్టికలో ఆ వరస పెన్సిలుతోనే ఉంటుంది, ఎందుకంటే ఐదో గడి ఖాళీ. ఒప్పు ఊహ, తప్పు ఊహ రెండూ ఒకే పద్ధతిలో పుట్టాయి.

టిప్‌ట్రీ గుట్టు బయటపెట్టింది శైలి కాదు, మరణవార్త. తన తల్లి షికాగోలో ఉండేదనీ, ఆఫ్రికా తిరిగి వచ్చిన రచయిత్రి అనీ, ఈ మధ్యే పోయిందనీ టిప్‌ట్రీ ఉత్తరాల్లో చెప్పుకున్నారు. 1976లో మేరీ హేస్టింగ్స్ బ్రాడ్లీ మరణవార్త షికాగో పత్రికల్లో వచ్చింది. అందులో ఒకే కూతురు, ఆలిస్ షెల్డన్. పాఠకులు రెండూ కలిపి చూసుకున్నారు. మీరూ ఇలాగే చేయండి: ఉత్తరాల్లో, ఇంటర్వ్యూల్లో రచయిత తన గురించి చెప్పిన వాటిలో తేదీ, ఊరు, చావు, ఉద్యోగం లాంటివి ఏరండి. కనీసం మూడు కలవాలి, వాటిలో ఒకటి ఇంకెవరికీ వర్తించనిదై ఉండాలి. రెండు కలిస్తే అనుమానం మాత్రమే.

నేనే రాశానని ఇంకొకరు ముందుకొస్తే

జార్జ్ ఎలియట్ 'ఆడమ్ బీడ్' 1859 ఫిబ్రవరిలో వచ్చింది. ఇంగ్లండులోని నునీటన్ ప్రాంతం వాళ్లు ఎలియట్ పుస్తకాల పాత్రల్లో తమ ఊరి మనుషుల్ని పోల్చుకున్నారు. ఇవి రాసింది మా ఊరి జోసెఫ్ లిగ్గిన్స్ అని ప్రచారం పట్టింది. ఆయన కాదనలేదు. ఆ ఏప్రిల్లో లిగ్గిన్సే రచయిత అంటూ టైమ్స్ పత్రికకి ఒక పాదిరీ ఉత్తరం కూడా రాశాడు. వాళ్లు పోల్చుకున్న పాత్రలు నిజంగానే ఆ ఊరివాళ్లవి, ఎందుకంటే రచయిత్రి మేరీ ఆన్ ఎవాన్స్ పుట్టిందీ పెరిగిందీ అక్కడే. అంటే ఆధారం సరైనదే, చూపించిన మనిషి తప్పు.

ఇలాంటప్పుడు వేయాల్సిన ప్రశ్న ఒకటే: డబ్బు ఎవరికి అందింది? లిగ్గిన్స్‌ని చూడ్డానికి వెళ్లినవాళ్లకి ఆయన పంపు దగ్గర గిన్నె కడుక్కుంటూ కనిపించాడనీ, పుస్తకాన్ని ప్రచురణకర్తకి ఊరికే ఇచ్చేశానన్నాడనీ ఎలియట్ ఉత్తరాల్లో ఉంది. 'ఊరికే ఇచ్చేశాను' అన్న మాట ఎక్కడ వినబడినా ఆ పక్కన ఎర్ర గీత గీయండి. ప్రచురణకర్త జాన్ బ్లాక్‌వుడ్‌కి 1858 ఫిబ్రవరికే అసలు మనిషి తెలుసు. నలుగురికీ తెలిసింది 1859 మధ్యలో. ఈ రెండు తేదీలూ రెండు వరసలు.

పేర్ల సూచీలో ఆమెకి ఒక్క చోటు చాలదు. జర్మన్ తత్వవేత్త ఫాయర్‌బాఖ్ పుస్తకానికి ఆమె చేసిన అనువాదం మీద 1854లో మేరియన్ ఎవాన్స్ అని ఉంది. ఆమె అసలు పేరుతో వచ్చిన పుస్తకం అదొక్కటే. 1880లో పెళ్లయ్యాక మేరీ ఆన్ క్రాస్. ప్రతి పేరు దగ్గరా 'చూ. జార్జ్ ఎలియట్' అని వేయండి. లేకపోతే ఆ అనువాదం ఎవరో వేరే ఆవిడదై కూర్చుంటుంది.

ఒక పేరు, ఇద్దరు మనుషులు

ఫ్రాన్సులో 1831లో జె. సాండ్ పేరుతో వచ్చిన నవల ఆరోర్ డ్యూపాఁ (తర్వాత జార్జ్ సాండ్‌గా పేరుపడ్డ ఆవిడ), జూల్ సాండో కలిసి రాసింది. 1832లో జి. సాండ్ పేరుతో వచ్చిన 'ఇండియానా' ఆమె ఒక్కతే రాసింది. ఒక్క పొడి అక్షరం తేడాతో మనుషుల లెక్క మారింది.

ఇంటిపని

తెలుగులో ఈ కథ ఎక్కువగా తిరగేసి నడిచింది. రచయిత్రుల నవలలు పత్రికల్ని ఏలుతున్న రోజుల్లో మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకున్నారు. కాబట్టి పట్టిక అదే, దిశ వేరు.

ఒకటి: 'పురాణం సీత' పేరుతో ఆంధ్రజ్యోతి వీక్లీలో వచ్చిన 'ఇల్లాలి ముచ్చట్లు'. రాసింది పురాణం సుబ్రహ్మణ్యశర్మ, ఆ పత్రికని నడిపినవారే. ఐదు వరసలు నింపండి. ఆయన పేరు ఆ శీర్షికకి తోడుగా అచ్చులో మొదట ఎక్కడ కనిపిస్తుందో, ఆ తేదీ వరస మాత్రం సిరాతో ఉండాలి. స్కానులో అట్ట, మొదటి పేజీలు పోయుంటే తేదీ ఊహించకండి, మరో ప్రతి వెతకండి.

రెండు: 'బీనాదేవి'. ఇది భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతుల ఉమ్మడి కలంపేరు. భర్త పోయాక ఆమె అదే పేరుతో రాశారు. ఏదైనా ఒక కథ తీసుకుని, అది ఇద్దరిదని రాయాలా, ఒకరిదని రాయాలా తేల్చండి. అచ్చయిన తేదీ ఒక్కటే చూస్తే దొరికిపోతారు. భర్త ఉండగా రాసి తర్వాత అచ్చయినవీ ఉండొచ్చు. నాలుగో పాఠానికి వచ్చేటప్పుడు రెండు పట్టికలూ, చెరిపేసిన పెన్సిలు వరసలతో సహా, దగ్గర పెట్టుకోండి. ఉమ్మడి కలంపేర్లలో ఎవరి చేయి ఎంతన్నది అందులో చూస్తాం.